యంత్రాలు, పని గంటలు, తీరిక

కూలి కోసమో జీతం కోసమో రోజులో, వారంలో వెచ్చించే కాలాన్ని పని గంటలు అంటారు. యంత్రాలు వచ్చాక ఒక్కో వస్తువు తయారీకి పట్టే కాలం తగ్గుతూ వచ్చింది. అలా మిగిలిన కాలం కార్మికుడికి తీరికగా దక్కిందా, యజమానికి అదనపు ఉత్పత్తిగా చేరిందా అన్నది చాలావరకు చట్టాలు, కార్మికోద్యమాలే తేల్చాయి.

మిల్లులు

బొంబాయి నూలు మిల్లుల్లో మొదట పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా పని. చీకటి పడితే కదుళ్లు ఆగేవి. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో విద్యుద్దీపాలు రావడంతో ఆ హద్దు చెరిగిపోయింది. కొన్ని మిల్లుల్లో పనిదినం 14, 15 గంటలకు పాకింది. విచారణల తర్వాత వచ్చిన 1911 ఫ్యాక్టరీల చట్టం బట్టల మిల్లుల్లో పురుషుల పనిని 12 గంటలకు పరిమితం చేసింది. ఫ్యాక్టరీలలో ఆ పరిమితి 1922లో 11 గంటలకు, 1934లో 10 గంటలకు, 1946లో 9 గంటలకు దిగింది. వారానికి 48 గంటలు మించరాదన్న నియమాన్ని 1948 చట్టం కొనసాగించింది.

ఇతర దేశాలు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన తొలి ఒప్పందమే రోజుకు 8 గంటల పని గురించి. అమెరికాలో ఫోర్డ్ కార్ల కంపెనీ 1926లో వారానికి అయిదు రోజుల పని అమలుచేసింది. నూరేళ్లలో వారానికి 15 గంటల పని చాలునని 1930లో ఆర్థికవేత్త కీన్స్ ఊహించాడు. సంపద ఆయన ఊహించిన మేర పెరిగినా పని గంటలు అంతగా తగ్గలేదు.

ఇంటి పని

ధాన్యం మిల్లులు వచ్చి రోకలి పోటు తప్పించాయి. గ్రైండరు వచ్చి రుబ్బురోలు ముందు కూర్చునే శ్రమ తీర్చింది. కానీ పిండి నలిగేలోపు కూర తరగడమో, పిల్లల్ని బడికి తయారుచేయడమో ఆ ఇల్లాలి వంతే. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు.

ప్రస్తుతం

మిల్లులో దీపం చెరిపిన హద్దును ఆఫీసులో సెల్‌ఫోన్ చెరిపింది. పనివేళలు దాటాక ఫోన్లకు, మెయిళ్లకు బదులివ్వకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017లో అమల్లోకి తెచ్చింది. తెలంగాణ 2025లో వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనికి అనుమతించింది; వారానికి 48 గంటల పరిమితి మాత్రం అలాగే ఉంది.