పెద్దలిచ్చిన బొమ్మ, పిల్లలాడిన ఆట

కౌరవసేన మీదికి బయల్దేరుతున్న బృహన్నలను, అంటే మారువేషంలోని అర్జునుణ్ణి, విరాటరాజు కూతురు ఉత్తర ఒక్కటే కోరింది. ఓడినవాళ్ల రంగురంగుల బట్టలు తెచ్చిపెట్టు, నా బొమ్మలకు కడతానంది. భీష్మద్రోణులు నిలిచిన యుద్ధభూమి ఆ పిల్ల లెక్కలో బట్టల అంగడి! అర్జునుడూ ఆ మాట మరవలేదు. సమ్మోహనాస్త్రానికి భీష్ముడు తప్ప అందరూ సోలిపోయాక ఆమె సోదరుడు ఉత్తరుణ్ణి పంపి మరీ ఆ బట్టలు ఒలిపించాడు. బొమ్మలకు పాత తెలుగులో ‘బొమ్మపొత్తికలు’ అని ముచ్చటైన పేరుంది.

ఆట అంతకన్నా పాతది. మొహంజోదారో తవ్వకాల్లో మట్టి బండ్లు, తల ఊపే ఎద్దు దొరికాయి. అక్కడి మట్టి బొమ్మల్లో పిల్లలు ఆడుకున్నవేవో, పెద్దలు పూజించినవేవో పండితులకు ఇప్పటికీ పేచీయే. మన ఇళ్లలోనూ ఆ పేచీ తీరలేదు. సంక్రాంతికో దసరాకో మెట్లు కట్టి బొమ్మల కొలువు పెడతాం. పేరంటానికి పిల్లల్ని పిలుస్తాం, ‘ముట్టుకోకు’ అంటాం. తేలికైన పొణికి చెక్కను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి చేసే కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు చాలావరకు ఈ చూసే బొమ్మల జాతి.

పిల్లల చేతికి వచ్చినవి వేరు. అవి లక్కపిడతలు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, అది తిరుగుతుండగానే రంగు లక్క ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఈ పనితనం ఎన్ని తరాల పిల్లలకు తొలి వంటింటిని ఇచ్చిందో! ఆ బుల్లి గిన్నెల్లో అటుకులూ బెల్లమూ కలిపితే విందు సిద్ధం. ఈ ఉత్తుత్తి వంటకూ మనవాళ్లు పేరు పెట్టారు: గుజ్జనగూళ్లు.

ఈ ఆటలకు శిఖరం బొమ్మల పెళ్లి. ఆడపిల్లకు సంసారం అలవడుతుందని పెద్దలు దీన్ని మెచ్చుకునేవారు. ఆ మెప్పు వెనక చేదు ఉంది. నిరుడు బొమ్మకు పెళ్లి చేసిన పిల్ల ఈ ఏడు తానే పీటల మీద కూర్చునే రోజులవి. ముసలివాడికి కట్టబెట్టిన పూర్ణమ్మను గురజాడ పుత్తడిబొమ్మ అన్నది ఊరికే కాదు. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి పద్నాలుగేళ్లని హద్దు పెట్టాల్సి వచ్చింది.

కానీ ఆ బొమ్మల పెళ్లిలో పిల్లలు చేసింది పెద్దలు చెప్పిన పాఠం కాదు. వాళ్లకు అది పెద్దల మీద కట్టిన నాటకం. మగపెళ్లివారు విడిదిలో అలిగేవారు. కట్నం దగ్గర బేరం తెగేది కాదు. మగపిల్లలు డబ్బాలు వాయించి మేళమయ్యేవారు, ఒకడు నోటికొచ్చిన మంత్రాలతో పురోహితుడయ్యేవాడు. నాలుగేళ్ల పిల్లకు తన మాట చెల్లే చోటు ఆ రోజంతటికీ అదొక్కటే. వియ్యపురాలిలా మాట్లాడాలంటే వియ్యపురాలికి ఎందుకు కోపమొచ్చిందో ముందు ఊహించాలి. మాటలు, రాజీ, ఎదుటివారి మనసు అన్నీ అక్కడే అబ్బుతాయి.

శాస్త్రం ఈ సంగతి గుర్తించడానికి ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది. రష్యాలో మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ 1933లో ఆట గురించి చెప్పిన ఉపన్యాసంలో, కర్రను గుర్రంగా ఎక్కే పిల్లవాడు వస్తువు నుంచి అర్థాన్ని విడదీయడం నేర్చుకుంటున్నాడన్నాడు. మనోవిశ్లేషకురాలు మెలనీ క్లైన్ పిల్లల భయాలను వాళ్ల బొమ్మలాటలోంచే చదవబోయింది. 1940లలో అమెరికాలో క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్ల, నల్ల బొమ్మలు పెట్టి ఏది మంచిదని అడిగితే చాలామంది తెల్లబొమ్మనే చూపారు. బొమ్మ నేర్పేది మంచే కానక్కర్లేదని దానితో తేలింది. 1959లో బార్బీ వచ్చింది. కూతురు కాగితపు బొమ్మలను పెద్దవాళ్లుగా చేసి ఆడుకోవడం చూసిన రూత్ హ్యాండ్లర్‌కు తట్టిన ఆలోచన అది. అప్పటిదాకా ఎక్కువగా చంటిబొమ్మనిచ్చి ‘అమ్మవు కా’ అన్న అంగడి, పిల్ల ఆటను ఆలస్యంగానైనా గమనించింది.

2020లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు 33 మందిని పరిశీలించింది. ఒంటరిగా బొమ్మలతో ఆడుతున్నా, ఎదుటివారి గురించి ఆలోచించేటప్పుడు పనిచేసే మెదడు భాగం చురుగ్గా ఉంది. ఒంటరిగా టాబ్లెట్‌లో ఆడినప్పుడు అంత చురుకు లేదు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ తేడా కనబడలేదు. అయితే ఖర్చు పెట్టింది బార్బీని అమ్మే మాటెల్ కంపెనీయేనని గుర్తుంచుకోవాలి. పైగా మెదడు మెరిసినంత మాత్రాన దయ పెరిగినట్టు కాదు.

కొలువులో కింది మెట్టు పిల్లల బొమ్మలకు వదిలే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మొన్న అలాంటి మెట్టు మీద ఒక బార్బీకి జ్వరమొచ్చింది. పై మెట్టు మీది కొండపల్లి ఏనుగు, ముట్టుకోవద్దన్న అంబారీతో సహా, అంబులెన్సై కిందికి దిగింది.