విశాఖ తీరమున సూర్యుని దూరము

నడచి కొలువరాని సూర్యదూరమును, శుక్రుడు రవిబింబమునకు అడ్డముగా సాగు అరుదైన వేళ, భూమిపై వేర్వేరు తావులనుండి ఆ గమనకాలమును గుర్తించి, ఆ భేదమును బట్టి గణింపవచ్చునని 1716లో ఆంగ్ల ఖగోళశాస్త్రజ్ఞుడు హేలీ వివరించెను. ఆ దృశ్యము తన జీవితకాలమున రాదని అతడెరుగును; అయినను రాబోవు తరములకై దానిని వివరించుటయే అతని ఔదార్యము. గోడే వెంకట జగ్గారావు విశాఖపట్టణమున స్వంత ధనముతో నెలకొల్పిన వేధశాలనుండి, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న అట్టి సంక్రమణమును దూరదర్శినితో పరిశీలించెను. శుక్రుని అంచు రవి అంచును తాకు క్షణమున నల్లని బొట్టువలె సాగి కనబడుటచే, ఎల్లదేశముల పరిశీలకుల లెక్కలును కొంత తడబడినవి.

ఆ సూర్యదూరము సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున ఆగక పరుగిడు రైలునకు 170 ఏండ్ల పయనము. శుక్రుడు మరల సూర్యునకు అడ్డము వచ్చునది 2117 డిసెంబరులో.