పార్శ్వానువృత్తం: సబ్బినాటి అశ్వచరిత్రలో ఒక శిక్షణపదం

రామగుండం బొగ్గుగనుల ప్రాంతంలో సింగరేణివారి సెంటినరీ కాలనీకి చేరువలోనే రామగిరి దుర్గం ఉంది. గనిలో యంత్రాల శక్తిని నేటికీ ‘హార్స్ పవర్’లో చెప్పుకుంటాం, ఆ కొలతకు పేరిచ్చిన జంతువు మాత్రం ఇక్కడి చరిత్రరచనలో అంకెగానే మిగిలింది. మధ్యయుగంలో సబ్బినాడుగా ప్రసిద్ధమైన ఈ నేల కాకతీయుల తొలి అధికారక్షేత్రాల్లో ఒకటి. 1310లో ప్రతాపరుద్రుడు మాలిక్ కాఫుర్‌కు సమర్పించిన వాటిలో 100 ఏనుగులు, 7000 గుర్రాలు ఉన్నాయని బరనీ రాశాడు. ఆ 7000 అనే సంఖ్యను ప్రతి గ్రంథమూ ఉటంకిస్తుంది. వాటిలో స్వారీకి తయారైనవి ఎన్ని, తయారు కావడమంటే ఏమిటి అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. దానికి సమాధానం వెతకడానికి ఒక సంస్కృత పదం నుంచి బయలుదేరవచ్చు.

కౌటిలీయ అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం స్వారీ గుర్రపు గతులను ఐదుగా విభజించింది: వల్గనం, నీచైర్గతం, లంఘనం, ధోరణం, నారోష్ట్రం. వల్గనం మండలాకారంగా తిరగడం, నీచైర్గతం నెమ్మదైన, అణకువగల నడక, లంఘనం దూకడం, ధోరణం వేగంగా సాగడం, నారోష్ట్రం సంజ్ఞకు స్పందించడం. నీచైర్గత భేదాలు పదహారింటిలో ‘పార్శ్వానువృత్తం’ ఒకటి. అనువాదాలు దీన్ని ‘ఒక పక్కకు కదలడం’ అనే అర్థంతో దాటేస్తాయి. అది తప్పు కాదు, కానీ చాలదు. బెదిరిన గుర్రం కూడా పక్కకు కదులుతుంది. దానికి శిక్షకుడు అక్కరలేదు.

పక్కకు నడిపించడం ఎంత కష్టమో తెలిస్తే ఈ పదం బరువు తెలుస్తుంది. గుర్రం స్వభావసిద్ధంగా ముందుకు పోయే జంతువు. స్వారుడు లోపలి కాలితో దాని డొక్కను మెల్లగా ఒత్తుతాడు. వెలుపలి పగ్గంతో భుజం జారిపోకుండా ఆపుతాడు. గుర్రం ఒక్క అడుగు సరిగా వేసినా వెంటనే ఒత్తిడి సడలిస్తాడు. ఆ సడలింపే దానికి బహుమానం, అదే దానికి అర్థమయ్యే భాష. ఒత్తిడి అలాగే కొనసాగితే గుర్రం నేర్చుకునేది మొండితనమే. క్రమంగా లోపలి వెనుక కాలు పొట్ట కిందికి వచ్చి బరువు మోస్తుంది. ముందు భాగం తేలికపడి, భుజాలకు స్వేచ్ఛ కలుగుతుంది. ఇదంతా నడకలోనే మొదలు కావాలి. పరుగులో నేర్పబోతే కాళ్లు తడబడతాయి.

యూరప్‌లో డ్రెస్సేజ్ అనే అశ్వశిక్షణ విద్య ఈ కదలికలను ప్రత్యేకంగా సాధన చేసింది. 17వ శతాబ్దిలో న్యూకాసిల్ ప్రభువు గుర్రపు భుజాన్ని లోపలికి తెచ్చే అభ్యాసాన్ని వలయం మీద చేయించాడు. ఫ్రెంచి శిక్షకుడు ల గెరినియేర్ దాన్ని వలయం నుంచి విడదీసి, గోడ వెంట తిన్నగా సాగుతూనే భుజాలను లోపలికి తిప్పే పద్ధతిగా తీర్చాడు. 1733 నాటి అతని గ్రంథం ఆ విద్యకు నేటికీ ప్రమాణం. ఆ నడకలో గిట్టల జాడలు రెండు వరుసల్లో కాక మూడు వరుసల్లో పడతాయి.

అర్థశాస్త్రంలో మొదట వలయగతి, తరువాత నెమ్మది నడకలో పార్శ్వగతి, ఆ పైన దూకుడు రావడం ఇక్కడ గమనార్హం. ఇది వట్టి జాబితా కాక శిక్షణక్రమం కూడా కావచ్చు. పార్శ్వానువృత్తాన్ని వేగగతుల్లో కాక నీచైర్గతంలో చేర్చడం ఈ ఊహను బలపరుస్తుంది. అందువల్ల దీన్ని హఠాత్తుగా పక్కకు మళ్లడంగా చదవడం కుదరదు. ‘అనువృత్తం’ అంటే అనుసరించినది. పార్శ్వం వైపు అనుసరించి నడవడమని అర్థం చేసుకుంటే, సంజ్ఞను పాటించడమనే నారోష్ట్రంతోనూ పొంతన కుదురుతుంది. అయితే కౌటిల్యుడి నుంచి గెరినియేర్ దాకా ఏదో పరంపర ఉందనడం సాహసం. ఒకే జంతువు శరీరం ఇద్దరికీ ఒకే పాఠం చెప్పి ఉంటుంది.

మన నిఘంటు సంప్రదాయం ఈ పదాన్ని పట్టించుకోలేదు. అమరకోశం పంచధారలైన ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతాలను నిలిపింది. ప్రబంధ వ్యాఖ్యాతలకు అవే సరిపోయాయి. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రాన్ని పద్యాల్లో రచించినా, లోకంలో ఎక్కువగా నిలిచింది సుడులూ శుభాశుభాలూ చూసే లక్షణజ్ఞానమే. కొనుగోలుదారుకు కావలసింది లక్షణం, శిక్షకుడికి కావలసింది గతి. పుస్తకాలకెక్కినంతగా మొదటిది ఎక్కింది. రెండవది చేతుల్లో, పిక్కల్లో బతికింది.

సబ్బినాటికి దగ్గరి సాక్ష్యం కల్యాణి చాళుక్య సోమేశ్వరుడి మానసోల్లాసం. సుమారు 1129 నాటి ఈ గ్రంథం, కాకతీయులు చాళుక్య సామంతులుగా ఉన్న కాలానిది. ఇందులోని తురగవాహ్యాళీ వినోదం స్వారీ మైదానాన్నీ, గుర్రాల జాతులనూ, గుర్రాల మీద ఆడే బంతి ఆటనూ వర్ణిస్తుంది. బంతి కోసం పక్కపక్కనే దూసుకుపోయే గుర్రాలకు స్వారుడి కాలి ఒత్తిడికి లొంగి ఒక పక్కకు ఒరిగే అలవాటు లేకపోతే ఆట సాగదు. యుద్ధంలోనూ అంతే, శత్రువును ఆయుధం పట్టిన చేతివైపు నిలుపుకోవాలంటే గుర్రం పక్కకు జరగాలి. ఇది వినోదమా, యుద్ధాభ్యాసమా అన్న విభజన మనది. నాటి స్వారుడికి రెండూ ఒక్కటే.

కాకతీయ శాసనాల్లోని ‘సాహిణి’ బిరుదును ఈ వెలుగులో మళ్లీ చదవాలి. గణపతిదేవుని కొలువులోని కాయస్థ గంగయ సాహిణి ‘తురగసాధనికుడు’. సాహిణి అనే రూపం సాధనిక శబ్దం నుంచే వచ్చింది. సాధనానికి సైన్యమనే అర్థం ఉంది కనుక చరిత్రకారులు అశ్వసేనాపతి అని సరిపెట్టారు. అదే మాటకు అభ్యాసమనీ, వశపరచుకోవడమనీ కూడా అర్థాలున్నాయి. సేనను నడిపినవాడికి గుర్రాన్ని దిద్దే బాధ్యత కూడా ఉండేదని ఆ బిరుదు సూచిస్తున్నదేమో, సాహిణులు కనిపించే శాసనాలన్నిటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించవలసి ఉంది.