బార్ట్ సింప్సన్

అమెరికన్ యానిమేషన్ ధారావాహిక 'ది సింప్సన్స్'లో పదేళ్ల అల్లరి పిడుగు. సృష్టికర్త మాట్ గ్రేనింగ్. 1987లో 'ది ట్రేసీ ఉల్‌మన్ షో'లో చిట్టి చిత్రాలుగా మొదలైన ఈ కుటుంబకథ, 1989 డిసెంబరులో ఫాక్స్ చానెల్‌లో విడి కార్యక్రమమైంది. 'బార్ట్' అక్షరాలను తారుమారు చేస్తే 'బ్రాట్' వస్తుంది. ఆంగ్లంలో పెంకిపిల్లాడని అర్థం. గొంతు నటి నాన్సీ కార్ట్‌రైట్‌ది. చెల్లెలు లీసా పాత్రకని వచ్చి, ఈ కొంటెవాణ్నే కోరుకుందామె.

మో అనే అతను నడిపే బారుకు ఫోన్ చేసి, లేని మనుషుల్ని అడిగి, ఆ తిక్క పేర్లను అతడిచేత అందరి ముందూ అరిపించడం బార్ట్ పాత అలవాటు. దానికన్నా ముచ్చటైనది ప్రారంభ దృశ్యం: నల్లబల్ల మీద ఇంపోజిషన్ రాస్తుంటాడు, చేసిన తప్పేమిటో ఆ వాక్యమే చెప్పేస్తుంది. గంట మోగగానే స్కేట్‌బోర్డెక్కి తుర్రుమంటాడు.