మిరప మీద లద్దెపురుగు: చేతితో ఏరిన రోజుల నుంచి వేప కషాయం దాకా

మిరప అమెరికా ఖండాల మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ఓడల్లో పడమటి తీరానికి చేరి, అక్కడి నుంచి దక్కను లోపలికి పాకింది. అంతకుముందు మన కూరలకు ఘాటు మిరియాలదే. మొక్క పరాయిదే కానీ, దాన్ని ఎక్కువగా పాడుచేసే రెండు గొంగళి పురుగులూ ఈ నేలకు పాత కాపులే. అవి పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు. శనగ, కంది, ఆముదం వంటి పైర్ల మీద ముందునుంచీ బతుకుతున్న ఇవి కొత్తగా వచ్చిన మిరపనూ తమ మేతలో కలుపుకున్నాయి. మిరప చేను పక్కన ఏ పైరు ఉందన్నది ఈనాటికీ పురుగు ఉధృతిని నిర్ణయించే విషయమే.

రెండింటి నడవడి వేరు. లద్దెపురుగు తల్లి రెక్కల పురుగు ఆకు అడుగున రెండు మూడు వందల గుడ్లు ఒకేచోట పెట్టి, తన ఒంటి నూగుతో వాటిని కప్పేస్తుంది. పైకి అది గోధుమరంగు దూది పొరలా కనిపిస్తుంది. పొదిగిన పిల్లలు మొదటి కొద్ది రోజులు గుంపుగానే ఉండి ఆకు అడుగున పచ్చదనాన్ని గీకి తింటాయి. ఆకు పల్చబడి జల్లెడలా మారుతుంది. పురుగు ముదిరాక గుంపు చెదిరిపోతుంది. అప్పటినుంచి పగలు మట్టి పెళ్లల కింద దాక్కుని, రాత్రిపూట పైకెక్కి మేస్తుంది. తెల్లారేసరికి ఆకులకు పెద్ద కంతలు, వాటి మీద నల్లటి పెంటికలు ఉంటాయి గానీ పురుగు మాత్రం కనిపించదు. అది కాయలోకి దూరి గింజలను తినేస్తే కాయ తెల్లబడి తాలుగా మారుతుంది. శనగపచ్చ పురుగు గుడ్లను ఒక్కొక్కటిగా లేత చిగుళ్ల మీద, పూల మీద పెడుతుంది. దాని పిల్ల ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉండి, పక్కల వెంట తెల్లటి చారలతో కనిపిస్తుంది. కాయకు గుండ్రటి రంధ్రం చేసి లోపలికి తొలుచుకుపోతుంది.

మందులు రాకముందు ఈ తేడా రైతుకు తెలియక తప్పేది కాదు, ఎందుకంటే చేతిలో ఉన్న సాధనం చూపే. పెరట్లో మిరప మొక్కలకు ఇంటి ఆడవాళ్లు పొద్దున్నే బూడిద చల్లేవారు, ఆకులు తిప్పి చూసి గుడ్లున్న ఆకును తుంచేవారు. చేలల్లో కోళ్లు, కొంగలు, కాకులు దుక్కి వెంట తిరిగి మట్టిలోని కోశాలను ఏరుకు తినేవి. కంది చేలల్లో మొక్కను పట్టి దులిపి, రాలిన పచ్చపురుగులను ఏరి చంపే పద్ధతి తెలంగాణలో చాలాకాలం ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తరువాత దానిని పరీక్షించి, పనికొచ్చే పద్ధతిగానే ప్రచారం చేశారు. ఈ పనులను చాదస్తంగా కొట్టిపారేసిన రోజులు మధ్యలో వచ్చాయి. అది అన్యాయం, ఎందుకంటే పురుగు ఏ దశలో ఎక్కడ దొరుకుతుందో కచ్చితంగా ఎరిగిన జ్ఞానం అది.

1920లలో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు సాగు ఊపందుకుంది. పొగాకు నారుమళ్లు లద్దెపురుగుకు ఇష్టమైన చోటు. అదే నేలల్లో మిరప కూడా ఉండడంతో పురుగుకు ఏడాది పొడవునా మేత దొరికింది. 1947లో రాజమండ్రిలో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఈ పురుగు మీద చేసిన పని మిరప రైతుకూ అక్కరకొచ్చింది. నారుమడి చుట్టూ ఆముదం వేయడం అందులో ముఖ్యమైనది. తల్లి పురుగు ముందు వెడల్పాటి ఆముదపాకునే ఎంచుకుని గుడ్లు పెడుతుంది. ఆ ఆకును కోసి నాశనం చేస్తే వందల పురుగులు ఒక్క దెబ్బకు పోతాయి. మిరప చేల గట్ల మీద నేటికీ కనిపించే ఆముదం మొక్కలు అందుకోసమే.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత డీడీటీ, బీహెచ్‌సీ పొడులు వచ్చాయి. డీడీటీకి పురుగును చంపే గుణం ఉందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి దక్కింది. తరువాత మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్, 1980లలో పైరిత్రాయిడ్లు వరుసగా దిగాయి. మొదట్లో ఫలితం కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఆ తరువాత పురుగు మందుకు అలవాటు పడింది, దాన్ని తినే బదనికలు, సాలీళ్లు, అక్షింతల పురుగులు చచ్చిపోయాయి. 1987లో కోస్తా పత్తి చేలమీద పచ్చపురుగు విరుచుకుపడినప్పుడు, అది పైరిత్రాయిడ్లకు లొంగడం మానేసిందని పరిశోధకులు తేల్చారు. 1997-98లో వరంగల్ పత్తిని లద్దెపురుగు తుడిచిపెట్టింది. అప్పు తెచ్చి కొన్న మందును కొట్టీకొట్టీ దెబ్బతిన్న రైతులు వందల సంఖ్యలో ప్రాణాలు తీసుకున్నారు. పత్తి, మిరప పక్కపక్కనే పండే ప్రాంతాల్లో పురుగూ ఒకటే, మందుల దుకాణమూ ఒకటే, అప్పూ ఒకటే.

వెనక్కి తిరిగే ప్రయత్నాలు అప్పటికే మొదలయ్యాయి. వేప గింజల పలుకు మిడతల దండును పైరు మేయనివ్వదని ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ బృందం 1962లోనే నిరూపించింది. లద్దెపురుగు మగ పురుగులను ఆకర్షించే వాసన పదార్థాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1973లో గుర్తించారు. నేడు చేలల్లో వేలాడే లింగాకర్షక బుట్టలకు ఆధారం అదే. పురుగును చంపే ఎన్‌పీవీ అనే వైరస్‌ను ఊళ్లలోనే తయారు చేసుకోవడం ఇక్రిశాట్ నేర్పింది. వీటన్నింటినీ కలిపి ఒక ఊరు ఊరంతా ఆచరించిన ఉదాహరణ అప్పటి ఖమ్మం జిల్లాలో పాల్వంచ దగ్గరి పునుకుల. పత్తి, మిరప పండించే ఆ గ్రామ రైతులు 2004 నాటికి రసాయన మందులను పూర్తిగా మానేశారు. వేప గింజలు ఏరి, దంచి, పొడి చేసి అమ్మే పనిని ఆడవాళ్లు చేపట్టారు. అక్కడి అనుభవం ఆ తరువాతి ఏళ్లలో ప్రభుత్వం స్వయం సహాయక సంఘాల ద్వారా నడిపిన సుస్థిర వ్యవసాయ కార్యక్రమానికి దారి చూపింది.

పెరట్లోనో, మేడమీద కుండీల్లోనో నాలుగు మిరప మొక్కలు పెంచేవారికి ఈ చరిత్ర మిగిల్చిన పని తక్కువే. వారానికి రెండుసార్లు ఆకులు తిప్పి చూడాలి. గుడ్ల పొర గానీ, గుంపుగా ఉన్న పిల్లలు గానీ కనబడితే ఆ ఆకును తుంచి సబ్బు నీళ్లలో వేయాలి. ఆకులకు కంతలు పడినా పురుగు కనిపించకపోతే రాత్రి టార్చిలైటుతో వెతకాలి, కుండీలో పైమట్టిని కదిలించాలి. రంధ్రం పడిన కాయను చెట్టునే ఉంచకూడదు. పురుగు మిగిలితే 50 గ్రాముల వేప పలుకు పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. బీటీ అనే బాక్టీరియా మందు కూడా చిన్న పురుగుల మీద బాగా పనిచేస్తుంది. ఈ బాక్టీరియాను 1901లో జపాన్‌లో జబ్బుపడిన పట్టుపురుగుల్లోనే మొదట కనుగొన్నారు. కాబట్టి మల్బరీ తోటలు, పట్టు షెడ్లు ఉన్న చోట దాన్ని వాడకూడదు. పొలంలో ఒకప్పుడు వాడిన తవుడు, బెల్లం, మోనోక్రోటోఫాస్ కలిపిన విషపు ఎర ఇంటి ఆవరణలో పనికిరాదు. పిల్లలకూ, కుక్కలకూ, కోళ్లకూ అది ప్రాణాంతకం.

పెరటి మిరపకాయ కోసిన పూటే కూరలో పడుతుంది. మందు కొట్టాక ఆగాల్సిన రోజులను ఇంట్లో ఎవరూ లెక్కపెట్టరు. అందుకే పెరటి మిరప మీద రసాయన మందు కొట్టనే కూడదు.