ఫిన్నిష్ భాషలో మర్యాద: సర్వనామాల చారిత్రక పరిణామం

గౌరవార్థక సర్వనామాన్ని విరివిగా వాడే భాషను మర్యాద గల భాషగానూ, వాడని భాషను మొరటు భాషగానూ లెక్కించడం పరిపాటి. మర్యాదకు స్థానం సర్వనామమేనన్న ఊహ దీనికి మూలం. ఈ ఊహను పరీక్షించడానికి ఫిన్నిష్ తగిన ఉదాహరణ. ఆ భాషలో గౌరవ బహువచనం ఒక దశలో బలపడి, మరొక దశలో వెనుకబడింది. ఆ క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

యూరల్ భాషాకుటుంబానికి చెందిన ఫిన్నిష్‌లో మధ్యమ పురుష ఏకవచనం ‘సినా’, బహువచనం ‘తె’. 16వ శతాబ్దిలో మికాయెల్ అగ్రికొలా తన అక్షరమాల పుస్తకంతోనూ, 1548లో వెలువడిన కొత్త నిబంధన అనువాదంతోనూ గ్రంథభాషకు పునాది వేశాడు. ఫిన్నిష్ ప్రార్థనలో దేవుణ్ణి సంబోధించేది ఏకవచనంతోనే. తెలుగు భక్తుడు దేవుణ్ణి ‘నీవు’ అనడంలో అగౌరవం లేనట్లే అక్కడా లేదు.

ఫిన్లండ్ 1809 వరకు స్వీడన్ రాజ్యంలో భాగం. తరువాత రష్యా చక్రవర్తి ఏలుబడిలోకి వచ్చినా పాలన, ఉన్నత విద్య చాలాకాలం స్వీడిష్‌లోనే సాగాయి. 1863 నాటి భాషా శాసనం ఫిన్నిష్‌కు అధికార వ్యవహారంలో చోటు కల్పించింది. విద్యావంతులు స్వీడిష్ నుండి ఫిన్నిష్‌కు మారుతూ తమ సంబోధన పద్ధతులనూ వెంట తెచ్చుకున్నారు. ఒక్కరిని ‘తె’ అనడం అందులో ఒకటి. ఎదుటనున్న వ్యక్తినే హోదాతో పేర్కొని ప్రథమ పురుషలో పలకడం మరొకటి. ‘అమ్మగారు కాఫీ తీసుకుంటారా?’ అనే మన వాక్యం దీనికి సన్నిహితం. ‘తె’ నుండి ‘సినా’కు మారడానికి ఇద్దరూ ఒడంబడాలి. దానికి ‘సినున్‌కౌపత్’, అంటే ‘నువ్వు బేరం’ అని పేరు. ఆ ప్రతిపాదన వయసులోనో హోదాలోనో పెద్దవారి నుండి రావడం ఆచారం.

ఇక్కడ ఒక వ్యాకరణ విశేషం గమనార్హం. ‘మీరు వచ్చారు’ అన్నప్పుడు వచ్చినవారు ఒకరో పలువురో క్రియ చెప్పదు. ఫిన్నిష్ సంయుక్త క్రియ చెబుతుంది. ఒక్కరిని గౌరవిస్తే ‘తె ఒలెత్తె తుల్లుత్’, పలువురినైతే ‘తె ఒలెత్తె తుల్లేత్’. సహాయక క్రియ రెండింటా బహువచనమే. కృదంతం మాత్రం అసలు సంఖ్యను నిలుపుకొంటుంది.

ప్రథమ పురుషలోనూ చరిత్ర జాడలున్నాయి. లింగభేదం లేని ‘హాన్’ను మనుషులకు, ‘సె’ను తక్కినవాటికి కేటాయించినది 19వ శతాబ్ది గ్రంథభాషా సంస్కరణ. మాండలికాలలో మనిషికీ ‘సె’ సహజం. అందులో ‘అది వచ్చింది’ అని స్త్రీని గురించి అన్నప్పుడు మనకు తోచే చులకన లేదు. ‘హాన్’ అక్కడ తరచు ఇతరుల మాటను అనువదించేటప్పుడు ఆ మాట అన్నవారిని సూచిస్తుంది. ‘తాను వస్తానని రాముడు చెప్పాడు’లోని ‘తాను’ ప్రయోజనం ఇదే.

1960, 70 దశకాలలో నగరీకరణ, సమానత్వ భావన, విద్యార్థి ఉద్యమాల ప్రభావంతో ‘సినా’ వ్యాపించింది. పొరుగున స్వీడన్‌లోనూ అదే కాలంలో ఇటువంటి మార్పే వచ్చింది. నేడు ‘తె’ ప్రధానంగా వృద్ధులతోనూ లాంఛన సందర్భాలలోనూ మిగిలింది. ‘సినా’ విని నొచ్చుకునే వృద్ధులున్నారు. ‘తె’ అంటే తమను ముసలివారిగా జమకట్టారని నొచ్చుకునేవారూ ఉన్నారు.

అయితే సర్వనామం తగ్గినచోట మర్యాద తగ్గలేదు. ‘దయచేసి’కి సరిసమానమైన నిత్యవ్యవహార పదం లేని ఈ భాషలో ఆ పనిని ‘ఇసి’ అనే సంభావనార్థక ప్రత్యయం చేస్తుంది. ‘ఇవ్వు’ అనడానికి బదులు ‘సైసిన్కొ’, అంటే ‘నాకు లభించగలదా’ అంటారు. దుకాణదారు కర్త లేని వాక్యంతో ‘సినా’, ‘తె’ల ఎంపికనే తప్పించుకోగలడు. ‘నువ్వు’ అనాలో ‘మీరు’ అనాలో తేలనప్పుడు ‘ఎప్పుడు రావడం?’ అని మనం అడిగేదీ ఇందుకే.

కాబట్టి గౌరవ సర్వనామం భాష స్వభావం కాదు, సామాజిక చరిత్ర మిగిల్చిన ముద్ర. తెలుగులో మర్యాదను పరిశీలించేవారు ‘మీరు’, ‘వారు’, ‘గారు’ల పట్టికతో ఆగక, కర్తను దాచే వాక్యాలనూ అభ్యర్థనా రూపాలనూ లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.