'అకారా' యను మాట

హీబ్రూ బైబిలునందు సంతానము లేని స్త్రీని 'అకారా' యందురు. తెలుగు బైబిలులో దీనిని 'గొడ్రాలు' అని వ్రాసిరి. అబ్రాహాము భార్య శారా, ఇస్సాకు భార్య రిబ్కా, యాకోబు భార్య రాహేలు, సమ్సోనును గన్న తల్లి, వీరందఱును మొదట ఈ పేరనే పేర్కొనబడిరి. సమ్సోను తల్లి సొంతపేరైనను గ్రంథమున లేదు. భర్త మానోహ పేరు మాత్రము గలదు.

ఈ మాటకు మూలమైన ధాతువునకు వేరుతో బెఱుకుట యని యర్థము. నాటిన దానిని బెఱికివేయుటకు ప్రసంగి గ్రంథమున నీ ధాతువే వాడబడినది. వంశవృక్షమునకు వేరు లేకపోయె నను భావముతో నీ పేరు పుట్టియుండునని పలువురు తలంతురు. అయితే దానియేలు గ్రంథములోని అరమేయిక భాగమున, చెట్టును నఱికిన పిదప భూమిలో మిగిలిన మొద్దునకును ఈ యక్షరముల మాటయే కలదు. పెఱికివేయుటయు, నిలిచియున్న మొదలును ఒక్క కుదుటనుండియే వచ్చినవి.

ఇంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ద్వితీయోపదేశకాండము ఏడవ యధ్యాయమున, దేవు డాశీర్వదించిన జనులలో సంతానహీనత యుండదని చెప్పుచు 'అకారా' పక్కనే 'అకార్' అను పుంలింగరూపమును గూడ వాడిరి. అనగా ఈ లోపము పురుషునియందును ఉండవచ్చునని ఆ ప్రాచీనభాష యెఱుగును. కథలలో మాత్రము ఆ పేరు స్త్రీలకే తగిలినది.

తరువాతి యూదుపండితు లీ సంగతిని విడువలేదు. క్రీ.శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నా యను ధర్మగ్రంథము, పదియేండ్లు కాపురము చేసియు బిడ్డలు గలుగనిచో పురుషుడు సంతానప్రయత్నమును మానరాదని విధించెను. ఈ నియమము స్త్రీకి కఠినమైనదే, విడాకులకు దారితీయవచ్చును. కాని విడువబడిన యామె మఱియొకని వివాహమాడవచ్చుననియు, ఆ రెండవ భర్తయు నామెతో పదియేండ్లు కాపురము చేయవచ్చుననియు అందే యున్నది. లోపము మొదటి భర్తదే యేమో యను శంక కిచట తావున్నది. బాబిలోనియా తాల్ముదునందైతే, ఇస్సాకు, రిబ్కా లిరువురును సంతానశక్తి లేనివారే యని యొక పండితుడు స్పష్టముగా జెప్పెను.

సంతానము లేని దంపతులలో నించుమించు సగముమంది విషయమున పురుషుని లోపము పూర్తిగనో, కొంతవఱకో కారణమని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అయినను మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? 'గొడ్రాలు' అను మాట యెన్ని నోళ్లనో వినబడును. అంతటి నిందతో మగవానిని బిలుచు మాట వినబడుట యరుదు. కోడలిని మ్రొక్కులకును మందులకును ద్రిప్పుదురు. సీమంతమునకు బిలువ వెనుదీయుదురు. కుమారునికి రెండవ పెండ్లి తలపెట్టుదురు. కాని వైద్యునియొద్దకు కుమారుడును వెళ్లవలెనని చెప్పు తల్లిదండ్రు లెందఱు?

బిడ్డలు లేమి యొక దుఃఖము. ఆ దుఃఖము నిరువురును పంచుకొనవలసియుండగా, నిందను మాత్ర మొక్కతె తలపై నుంచుట న్యాయము కాదు. కావున పరీక్ష యవసరమైన నాడు దంపతు లిరువురును కలిసి వెళ్లుట మన గృహములలో నాచారము కావలెను.